కావలిలో ఇంటి దగ్గర ఉండి మెడికల్ బిల్లింగ్ కోర్సు ఎంచుకున్న తీరు: నా అనుభవం

కావలిలో ఒక నర్సింగ్ హోమ్ బిల్లింగ్ కౌంటర్‌లో కొన్నేళ్లు పని చేసి, రెండో బిడ్డ పుట్టిన తరువాత మానేసిన నాకు, మళ్లీ ఉద్యోగం చేయాలంటే అదే కౌంటర్‌కు తిరిగి వెళ్లడం తప్ప దారి లేదని ఇంట్లో అందరూ అనుకునేవారు. నాది బీజడ్‌సీ డిగ్రీ. ఆ చదువుకు ఇక్కడ దొరికే ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ పని చెన్నైలోనూ హైదరాబాదులోనూ చాలా కంపెనీలు చేస్తున్నాయని, దానికి లైఫ్ సైన్సెస్ చదివినవారిని తీసుకుంటారని తెలిసి, ఇంటి నుంచే చదువుకోదగిన కోర్సు కోసం వెతకడం మొదలుపెట్టాను. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి చదువుకునే వయసు, వీలు రెండూ నాకు లేవు. నెల్లూరుకు రోజూ రైలులో వెళ్లి రావచ్చు గాని, చిన్నవాడిని అంతసేపు మా అత్తగారి మీద వదిలిపెట్టడం నాకు ఇష్టం లేదు. అందువల్ల ఇంటి చదువు అన్నది మొదటే ఖాయమైపోయింది; ఏ కోర్సు అన్నది మాత్రమే తేలవలసి ఉంది.

నర్సింగ్ హోమ్‌లో మేము చేసిన బిల్లింగుకూ ఈ బిల్లింగుకూ పేరులో తప్ప పోలిక చాలా తక్కువ. మా దగ్గర రోగి బంధువు కౌంటర్ ముందు నిలబడి ఉండగా గది అద్దె, మందులు, ల్యాబు, డాక్టరు ఫీజు కూడి చెప్పేవాళ్లం. చివరకు ఎంతో కొంత తగ్గించమని బేరం కూడా జరిగేది. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద వచ్చినవారికి చికిత్స వారీగా ప్యాకేజీ ఉంటుంది కనుక, ముందస్తు అనుమతి, ఫోటోలు, డిశ్చార్జి కాగితాలు సరిగా పంపితే మా పని అయిపోయేది. అమెరికాలో చాలా భాగం డబ్బు బీమా సంస్థల నుంచో, 1965లో చట్టమైన మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు), మెడికెయిడ్ (పేదలకు) అనే ప్రభుత్వ పథకాల నుంచో వస్తుంది. డాక్టరు చేసిన ప్రతి పనికీ ఒక కోడ్, ఎందుకు చేశాడో చెప్పే జబ్బుకు మరొక కోడ్ రాసి, ఆ రెండూ ఒకదానికొకటి పొసిగేటట్లు క్లెయిమ్ పంపాలి. పొసగకపోతే డబ్బు రాదు.

ఈ సంగతులు నాకు మొదట విడమరిచి చెప్పింది చెన్నైలో ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్, అంటే రావలసిన బాకీ) కాలర్‌గా పనిచేసే మా మేనకోడలు. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను సేకరించి పెట్టుకున్న కరపత్రాలన్నీ దాని ముందు పరిచాను. అది వాటిని పక్కకు నెట్టి, “అత్తా, ముందు నువ్వు ఏ పని చేయాలనుకుంటున్నావో చెప్పు. కోర్సు సంగతి ఆ తరువాత చూద్దాం,” అన్నది. ఆ మాటతో నా వెతుకులాట దారి మారింది. మెడికల్ బిల్లింగ్ అని అందరూ ఒకే పేరుతో పిలిచే దానిలో నిజానికి వేర్వేరు సీట్లు ఉన్నాయి. రోగి వివరాలు, బీమా వివరాలు ఎక్కించేవారు ఒకరు, డాక్టరు రాసిన చార్ట్ చదివి కోడ్లు వేసేవారు ఒకరు, చేసిన పనుల రేట్లు ఎక్కించి (చార్జ్ ఎంట్రీ), క్లెయిమ్‌లను సరిచూసి బీమా సంస్థలకు చేరవేసే క్లియరింగ్ హౌస్ ద్వారా క్లెయిమ్ పంపేవారు ఒకరు, వచ్చిన డబ్బును ఖాతాలో జమ చేసే పేమెంట్ పోస్టింగ్ వారు ఒకరు, రాని డబ్బు కోసం బీమా సంస్థకు ఫోన్ చేసి ఎందుకు ఆపారో అడిగే ఏఆర్ కాలర్ ఒకరు. కరపత్రాల్లో చాలావాటిలో ఈ తేడా ఎక్కడా లేదు; అన్నీ కలిపి ఒకే కోర్సుగా, ఒకే ఫీజుగా రాసి ఉన్నాయి.

మేనకోడలు చేసే పని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే కొత్తవారికి తేలికగా దొరికేది అదే. డిగ్రీ ఏదైనా ఫరవాలేదు, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడితే చాలు, మిగతాది కంపెనీయే నేర్పుతుంది. బీమా సంస్థ డబ్బు ఆపితే కారణాన్ని ఒక కోడ్‌తో చెబుతుంది; సీఓ-29 వస్తే గడువు దాటి పంపారని, సీఓ-16 వస్తే క్లెయిమ్‌లో ఏదో వివరం లోపించిందని, సీఓ-18 వస్తే ఒకే క్లెయిమ్ రెండుసార్లు వెళ్లిందని అది నోటికి చెబుతుంది. మెడికేర్‌కు వైద్యం జరిగిన రోజు నుంచి ఒక సంవత్సరం లోపల క్లెయిమ్ చేరాలి. ప్రైవేటు బీమాల్లో గడువు ఇంకా తక్కువగా ఉండేవి చాలా ఉన్నాయట. అయితే అమెరికా ఆఫీసులు తెరిచే వేళ మనకు సాయంత్రం కనుక ఆ ఉద్యోగం రాత్రంతా సాగుతుంది. ఇద్దరు పిల్లలతో, రాత్రి పదింటికి పక్క గదిలో మామగారు దగ్గుతూ ఉండగా, ఫోన్‌లో ఇంగ్లీషులో వాదించడం నా వల్ల అయ్యే పని కాదని నాకు అప్పుడే తోచింది. చార్ట్ చూసి కోడ్లు వేసే కోడింగ్ అయితే చదివి రాసే పని, ఎక్కువగా పగటి పూట ఉంటుంది, పైగా నా జువాలజీ దానికి పనికివస్తుంది. కనుక నేను వెతకవలసింది బిల్లింగ్ మొత్తాన్ని పరిచయం చేస్తూ కోడింగ్‌ను లోతుగా నేర్పే కోర్సు అని నిశ్చయించుకున్నాను.

ఆ తరువాత ఫోన్లు చేయడం మొదలైంది. నెల్లూరు, చెన్నై, హైదరాబాదులలోని శిక్షణ సంస్థలతో మాట్లాడాను. ఒక్కసారి నంబరు ఇస్తే చాలు, కౌన్సెలర్లు వదలరు. ఈ రోజు సాయంత్రం లోపల కడితే సగం ఫీజు అని ఒకరు, మీ బ్యాచ్‌లో రెండే సీట్లు మిగిలాయని మరొకరు. రికార్డు చేసిన పాఠాలకు సీట్ల లెక్క ఏమిటని అడిగితే జవాబు లేదు. నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అన్నవారిని ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మని అడిగితే, గ్యారంటీ కాస్తా సహాయంగా మారిపోయింది. కొందరు తమ సర్టిఫికెట్ మీద ఐఎస్ఓ ముద్రను చూపించి గుర్తింపు ఉందన్నారు. ఐఎస్ఓ 9001 అనేది సంస్థ నడిచే పద్ధతికి ఇచ్చే ధ్రువీకరణ. అక్కడ చెప్పే పాఠం మంచిదో కాదో దాని వల్ల తెలియదు. ఉద్యం నమోదు పత్రాన్ని ప్రభుత్వ గుర్తింపు అని చూపించినవారూ ఉన్నారు. అది చిన్న వ్యాపారంగా నమోదైనట్లు చూపే కాగితం మాత్రమే.

నిజానికి కంపెనీలు అడిగే సర్టిఫికెట్లు శిక్షణ సంస్థలు ఇచ్చేవి కావు. అమెరికాలోని ఏఏపీసీ అనే కోడర్ల సంస్థ నిర్వహించే సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) పరీక్ష, అహిమా అనే మరో సంస్థ నిర్వహించే సీసీఎస్ (సర్టిఫైడ్ కోడింగ్ స్పెషలిస్ట్) వంటి పరీక్షలే ఈ రంగంలో చెల్లుబాటు అవుతాయి. సీపీసీలో 100 ప్రశ్నలు, 4 గంటల సమయం, 70 శాతం వస్తే ఉత్తీర్ణత; కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయవచ్చు. ఆ పరీక్షకు ఫలానా కోర్సు చదివి తీరాలనే నియమం లేదు, సభ్యత్వం ఉంటే చాలు. అలాంటప్పుడు కోర్సు ఎందుకని మా ఆయన అడిగారు. దానికి నాకు దొరికిన జవాబు ఇది: అనుభవం లేనివారు పరీక్ష గట్టెక్కితే సీపీసీ-ఏ అని, అంటే అప్రెంటిస్ హోదాతో, సర్టిఫికెట్ ఇస్తారు. ఆ చివరి అక్షరం తొలగాలంటే రెండేళ్ల ఉద్యోగ అనుభవం చూపాలి. 80 గంటలకు తగ్గని కోడింగ్ కోర్సు పూర్తి చేసినట్లు రుజువు ఉంటే అందులో ఒక ఏడాది కలిసివస్తుంది. అందుకని ప్రతి సంస్థనూ, మీ సర్టిఫికెట్ మీద గంటలు రాస్తారా, ఎన్ని రాస్తారు అని అడిగాను. ఈ ప్రశ్న విని మేనేజరును అడిగి చెబుతామన్నవారే ఎక్కువ. గంటలు రాసి, సంతకం చేసి ఇస్తామని వెంటనే చెప్పినవారు తక్కువమంది. నా జాబితా అక్కడికే చాలా చిక్కిపోయింది.

మిగిలినవారిని పాఠ్యసామగ్రి నమూనా పంపమని కోరాను. ఒక సంస్థ పంపిన పీడీఎఫ్‌లో డాక్టరును కలిసే ఆఫీసు విజిట్ కోడ్ల పట్టిక ఉన్నది. అందులో కొత్త రోగి వరుస 99201తో మొదలైంది. ఆ కోడ్‌ను 2021 జనవరి 1 నుంచి తొలగించారు. అప్పటి నుంచి కొత్త రోగి వరుస 99202తోనే మొదలవుతుంది, విజిట్ స్థాయిని నిర్ణయించే పద్ధతి కూడా డాక్టరు చేసిన నిర్ణయం ఎంత క్లిష్టమైనది, లేక ఎంత సమయం పట్టింది అన్న దానికి మారిపోయింది. పాత పట్టికను ఇంకా పాఠంగా చెబుతున్నారంటే, కోడ్ ఒక్కటే పాతది కాదు, దాని వెనుక ఉన్న లెక్క మొత్తం పాతదే. డాక్టరు చేసిన పనికి వేసే సీపీటీ కోడ్లు ప్రతి జనవరిలోనూ, జబ్బుకు వేసే ఐసీడీ-10-సీఎం కోడ్లు ప్రతి అక్టోబరులోనూ మారుతూ ఉంటాయి. అందువల్ల ఈ చదువులో పాత నోట్సు పాత పంచాంగంతో సమానం. ఆ తరువాత ఏ సంస్థ నమూనా వచ్చినా మొదట ఆ పట్టికనే వెతికి చూసుకున్నాను.

మరొక సంస్థ తమ దగ్గర నిజమైన చార్టులతో సాధన చేయిస్తామని గొప్పగా చెప్పి, వాట్సాప్‌లో రెండు పేజీలు పంపింది. వాటిలో ఒక అమెరికా రోగి పేరు, పుట్టిన తేదీ చెరపకుండా అలాగే ఉన్నాయి. రోగి సమాచారం బయటికి పొక్కకూడదని 1996లో వచ్చిన హిపా చట్టం గురించి వారి కరపత్రంలోనే ఒక అధ్యాయం ఉన్నది. వారికి నేను తిరిగి ఫోన్ చేయలేదు.

చివరకు రెండు సంస్థలు మిగిలాయి. రెండింటి ఫీజులూ ఇంచుమించు సమానం, రెండింటిలోనూ రికార్డు పాఠాలు, వారాంతపు లైవ్ క్లాసు ఉన్నాయి. వాటి మధ్య తేడా తెలుసుకోవడానికి మేనకోడలు ఒక ఉపాయం చెప్పింది. తన స్నేహితురాలైన ఒక కోడర్ చేత చిన్న అభ్యాస చార్ట్ ఒకటి రాయించి పంపింది. అందులో రోగి కుడి మోకాలి నొప్పితో వచ్చాడు, డాక్టరు పరీక్షించి మూడు వ్యూలతో ఎక్స్‌రే తీయించాడు, చివర నిర్ధారణ దగ్గర బహుశా ఆస్టియోఆర్థ్రైటిస్ కావచ్చు అని రాశాడు. ఈ చార్ట్‌ను ఇద్దరు ట్రైనర్లకూ పంపి, దీనికి జబ్బు కోడ్ ఏమి వేయాలో చెప్పండి అని అడిగాను.

మొదటి ట్రైనరు మరుసటి రోజు ఉదయమే మోకాలి ఆర్థ్రైటిస్‌కు చెందిన ఎం17 వరుసలోని కోడ్ పంపారు, అంతకుమించి ఒక్క మాట లేదు. రెండవ ఆమె సాయంత్రం ఫోన్ చేశారు. కుడి మోకాలి నొప్పికి ఎం25.561 వేయాలని, ఔట్‌పేషెంట్ చార్ట్‌లో డాక్టరు బహుశా, అనుమానం, కావచ్చు అని రాసిన జబ్బును ఉన్నట్లుగా కోడ్ చేయకూడదని, తెలిసిన లక్షణాన్నే కోడ్ చేయాలని, ఐసీడీ మార్గదర్శకాల్లో నాలుగవ సెక్షన్ చూడమని చెప్పారు. అదే రోగి ఆసుపత్రిలో చేరి డిశ్చార్జి అయ్యేటప్పుడు అలా రాసి ఉంటే ఆసుపత్రి బిల్లులో నియమం వేరుగా ఉంటుందని కూడా వివరించారు. ఎక్స్‌రేకు 73562 వేసి, కుడి వైపు అని తెలిపే ఆర్‌టీ అనే మాడిఫయర్ (కోడ్ చివర చేర్చే గుర్తు) జత చేయాలని, జబ్బు కోడ్‌లో ఎడమ, ఎక్స్‌రే దగ్గర కుడి అని పడితే ఆ క్లెయిమ్ తిరిగి వస్తుందని చెప్పి, క్లెయిమ్ రాసే సీఎంఎస్-1500 ఫారంలో 21వ గడిలో రాసిన జబ్బును 24వ గడిలో రాసిన పనికి అక్షరంతో ఎలా ముడిపెడతారో ఫోన్‌లోనే నా చేత కాగితం మీద గీయించారు. ఆ మార్గదర్శకాలు అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. ఆ రాత్రి దించుకుని చూశాను. ఆమె చెప్పింది చెప్పినట్లే ఉన్నది.

ఈ మధ్యలో అమెరికాలోనే తయారైన ఇంటి చదువు కోర్సుల గురించి కూడా విచారించాను. వాటిలో కొన్ని చక్కగా ఉన్నాయి, కాని అవి అక్కడివారి కోసం రూపొందినవి. డాక్టరు క్లినిక్‌లో ఎదురుగా కూర్చున్న రోగితో మాట్లాడటం, కో-పే (రోగి తన వాటాగా కట్టే డబ్బు) వసూలు చేయడం వంటి పాఠాలకు అందులో చాలా చోటు ఉంటుంది. డాలర్లలో ఫీజు, పైగా సందేహం అడగాలంటే మనకు అర్ధరాత్రి. ఇక చదువు, సాఫ్ట్‌వేర్ కలిపి అమ్మి, ఇంట్లో కూర్చుని డాక్టర్ల బిల్లులు చేసి సంపాదించండి అనే ప్రకటనల గురించి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎప్పటి నుంచో హెచ్చరికలు చేస్తూ వచ్చింది. మన దగ్గర కూడా ఆ రకం ప్రకటనలు ఉన్నాయి. కోర్సు ఇంట్లో చదివినంత మాత్రాన ఉద్యోగం కూడా ఇంట్లోనే దొరుకుతుందని అనుకోవడానికి లేదు. 2020 కరోనా తరువాత చాలా కంపెనీలు అనుభవం ఉన్నవారికి లాప్‌టాప్ ఇచ్చి ఇంటి నుంచి పని చేయించడం మొదలుపెట్టాయి గాని, కొత్తవారిని ఎక్కువగా ఆఫీసుకే రమ్మంటారు. రోగుల వివరాలు భద్రంగా ఉండాలన్నది ఒక కారణం, పక్కన ఒకరు కూర్చుని తప్పులు దిద్దాలన్నది మరొక కారణం. ఈ విషయం మా ఇంట్లో ముందే చెప్పాను. మొదటి ఏడాది చెన్నైలో మా అన్నయ్య ఇంట్లో ఉండి, వారానికొకసారి రైలులో వచ్చే ఏర్పాటుకు మా ఆయన ఒప్పుకున్న తరువాతే ఫీజు కట్టే మాట తలపెట్టాను.

ఫీజు కట్టే పద్ధతి కూడా కోర్సును ఎంచుకోవడంలో భాగమేనని నాకు తెలిసింది. ఒక సంస్థ నెలవారీ వాయిదాలంటూ పంపిన లింకు తెరిచి చూస్తే, అది ఒక ఫైనాన్సు కంపెనీ దగ్గర నా పేరు మీద తీసుకునే అప్పు. అంటే సంస్థకు డబ్బు ఒకేసారి ముడుతుంది, నేను మధ్యలో మానుకున్నా నాకు మాత్రం వాయిదాలు తప్పవు. నేను చేరిన చోట ఫీజును మూడు భాగాలుగా నేరుగా సంస్థకే కట్టించుకున్నారు. మొదటి భాగం కట్టే ముందు, ఏఏపీసీ సభ్యత్వం, పరీక్ష రుసుము, పుస్తకాలు ఫీజులో కలిసి ఉన్నాయో లేదో ఈమెయిల్‌లో రాయించుకున్నాను. కలిసి లేవు. పరీక్ష రుసుము, సభ్యత్వం, పుస్తకాలు మూడూ కలిపితే కోర్సు ఫీజుకు దగ్గరగా వస్తాయి కనుక ఈ సంగతి ముందుగా తెలియడం వల్ల మాకు లెక్క కుదిరింది.

పుస్తకాల విషయంలో నెల్లూరులో జిరాక్సు ప్రతులు తక్కువ ధరకు ఇప్పిస్తామన్నవారు ఉన్నారు. పరీక్షకు సీపీటీ పుస్తకం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ప్రచురించే ప్రొఫెషనల్ ఎడిషన్ మాత్రమే అనుమతిస్తారు. ఐసీడీ-10-సీఎం, హెచ్‌సీపీసీఎస్ (వైద్య సామగ్రి, మందుల వంటి వాటి కోడ్లు) పుస్తకాలు ఏ ప్రచురణకర్తవైనా ఫరవాలేదు. అంచుల్లో చేతితో రాసుకున్న గమనికలు, పేజీలకు అంటించిన ట్యాబులు ఉండవచ్చు. చదివేటప్పుడు వాడిన పుస్తకమే పరీక్షలో చేతికి అలవాటుగా ఉండాలి. నాలుగు గంటల్లో నూరు ప్రశ్నలంటే ఒక్కో ప్రశ్నకు రెండున్నర నిమిషాలు దాటదు, అందులో సగం పేజీ వెతకడానికే పోతే మిగిలేది ఏమీ ఉండదు. అసలు పుస్తకాలే కొన్నాను. సీపీటీ పుస్తకం బరువుకు మా పెద్దది దానిని ఇటుక అని పిలుస్తున్నది.

నేను చేరింది మోకాలి చార్ట్‌ను ఫోన్‌లో విడమరిచి చెప్పిన ఆమె పాఠం చెప్పే కోర్సులోనే. పెద్దది బడికి వెళ్లిన తరువాత రికార్డు పాఠాలు, మధ్యాహ్నం చిన్నవాడు నిద్రపోయినప్పుడు చార్టులు, ఆదివారం ఉదయం లైవ్ క్లాసు. చర్మానికి చెందిన 10000 వరుస పూర్తి చేసి, ఎముకలూ కండరాలకు చెందిన 20000 వరుసలో ఉన్నాను. విరిగిన ఎముకను కోసి సరిచేశారా, కోయకుండా సరిచేశారా అన్న తేడా దగ్గర చార్ట్‌ను రెండుసార్లు చదవనిదే జవాబు రావడం లేదు. పంపిన ప్రతి చార్టూ ఎర్ర సిరాతో దిద్ది, ఏ పేజీలో ఏ నియమం వల్ల తప్పో రాసి తిరిగి వస్తున్నది. పరీక్ష ఆ క్యాలెండరు సంవత్సరపు పుస్తకాల మీద ఉంటుంది కనుక, జనవరిలో కొత్త సీపీటీ రాకముందే, నవంబరులో రాయాలని అనుకుంటున్నాను. ఫీజులో మూడవ భాగం సెప్టెంబరులో కట్టవలసి ఉంది.